దివంగత ఎస్పీకి ఏ గౌరవం? పదవికి, ప్రాణత్యాగానికి, చేసిన పనికి మధ్య ఉన్న తేడా

ఒకప్పుడు నెల్లూరులోనో ఒంగోలులోనో జిల్లా ఎస్పీగా పనిచేసి వెళ్ళిన అధికారి కన్నుమూశారన్న వార్త రాగానే ఆ పట్టణంలో కొన్ని కోరికలు, కొన్ని ఫిర్యాదులు ఒక్కసారిగా వినిపిస్తాయి. గాంధీబొమ్మ సెంటర్లోనో చర్చి సెంటర్లోనో విగ్రహం పెట్టాలని కొందరు కోరతారు. అంత్యక్రియలకు ప్రభుత్వ లాంఛనాలు ఎందుకు ఇవ్వలేదని మరికొందరు నొచ్చుకుంటారు. అక్టోబరు 21న పరేడ్ మైదానంలో చదివే అమరుల పేర్లలో ఆయన పేరు ఎందుకు లేదని, రాష్ట్రపతి పతకం అందుకున్న మనిషికి ఇంతేనా మర్యాద అని ఇంకొందరు అడుగుతారు. ఇవన్నీ అభిమానంలోంచి పుట్టిన మాటలే కనుక తేలిగ్గా తోసిపుచ్చవలసినవి కావు. చిక్కల్లా ఏమిటంటే, ఈ కోరికల్లో మూడు వేర్వేరు గౌరవాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయి ఉన్నాయి. ఒకటి ఆయన నిర్వహించిన పదవికి చెందేది, రెండోది ఆయన మరణించిన తీరును బట్టి వచ్చేది, మూడోది ఆయన చేసిన పనికి దక్కవలసినది. మొదటి రెండింటికీ నియమాలున్నాయి, వాటిని ప్రభుత్వం చూసుకుంటుంది. మూడోదానికి నియమం లేదు, దాన్ని చూసుకోవలసింది ఆ జిల్లా ప్రజలే. మన దగ్గర ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా ఆ మూడోదే.

మరణించిన తీరుకు సంబంధించిన గౌరవం ఎక్కడ మొదలైందో ముందు చూద్దాం. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర, దాదాపు 16,000 అడుగుల ఎత్తున, కనిపించకుండా పోయిన సహచరులను వెతుకుతూ కరమ్ సింగ్ నాయకత్వంలో బయలుదేరిన పోలీసు దళం మీద చైనా సైనికులు కొండ పైనుంచి కాల్పులు జరిపారు. పది మంది పోలీసులు అక్కడికక్కడే ప్రాణాలు విడిచారు. వారి భౌతికకాయాలను చైనా నవంబరు 13న గాని అప్పగించలేదు. ఆ మంచుకొండల్లోనే పోలీసు గౌరవాలతో వారికి దహన సంస్కారాలు చేశారు. ఆనాటికి సరిహద్దు కాపలాలో పోలీసులు కూడా ఉండేవారన్న సంగతి ఈ తరానికి అంతగా తెలియదు. మరుసటి ఏడాది జనవరిలో జరిగిన రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరళ్ళ సమావేశం, అక్టోబరు 21వ తేదీని ఏటా సంస్మరణ దినంగా పాటించాలని నిర్ణయించింది.

ఆ రోజు నెల్లూరు, ఒంగోలు పోలీసు పరేడ్ మైదానాలతో సహా ప్రతి జిల్లా కేంద్రంలో జరిగే స్మృతి పరేడ్‌కు ఒక ఖచ్చితమైన క్రమం ఉంటుంది. ‘శోక్ శస్త్ర్’ అన్న ఆజ్ఞ వినగానే సాయుధ దళం తుపాకుల మొనలను నేల వైపు తిప్పి తలలు వంచుతుంది. బిగిల్ మీద ‘లాస్ట్ పోస్ట్’ అనే వీడ్కోలు రాగం వినిపిస్తారు. అంతకు ముందటి ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఆ ఏడాది ఆగస్టు 31 వరకు దేశమంతటా విధి నిర్వహణలో మరణించిన పోలీసుల పేర్లను స్మరిస్తారు. 2018లో అదే తేదీన ఢిల్లీలోని చాణక్యపురిలో ప్రారంభమైన జాతీయ పోలీసు స్మారకంలోని గోడ మీద అప్పటికి చెక్కిన పేర్లు 34,844. అందులో కానిస్టేబుల్ పేరైనా, డీఐజీ పేరైనా ఒకే కొలతలో ఉంటుంది, హోదాను బట్టి అక్షరం పెద్దది కాదు.

అభిమానులు నొచ్చుకునే చోటు ఇదే. ముప్పై ఏళ్ళు నిజాయితీగా పనిచేసి, పదవీ విరమణ పొంది, వార్ధక్యంలో జబ్బుచేసి మరణించిన ఎస్పీ పేరు ఆ జాబితాలోకి రాదు. అందులో అవమానమేమీ లేదు, ఎందుకంటే ఆ జాబితా ఉన్నది గొప్పతనాన్ని కొలవడానికి కాదు, విధిలో ఉండగా పోయిన ప్రాణాలను ఒక్కటి కూడా మరిచిపోకుండా లెక్కలో ఉంచడానికి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసేసి, జాతీయ రహదారి మీద రాకపోకలను ఆపేసిన రోజుల్లో, నెల్లూరు జిల్లాలో నీటిలో చిక్కుకున్నవారిని కాపాడబోయిన విపత్తు స్పందన దళం కానిస్టేబుల్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. అక్టోబరు 21 అటువంటి వారి కోసం ఉన్న రోజు. ఒక పెద్దాయన మీద ప్రేమతో ఆ జాబితాను సడలించమని అడగడం, ఆయన కూడా మెచ్చే పని కాదని నా నమ్మకం.

విధిలో ఉండగా హత్యకు గురైన పోలీసు అధిపతుల విషయం వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల దశకం ఆ విషయంలో చాలా కఠినమైనది. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళాన్ని తీర్చిదిద్దిన కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. అదే ఏడాది నవంబరు 14న మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు సోమశిల దగ్గర మందుపాతర పేలుడులో మరణించారు. నెల్లూరు జిల్లా పాఠకులు ఈ పేరు వినగానే పెన్న మీది మన సోమశిల జలాశయం అనుకునే అవకాశం ఉంది. అది కృష్ణా తీరాన, కొల్లాపూర్ వైపు ఉన్న సోమశిల. 1999 సెప్టెంబరు 4న చదలవాడ ఉమేష్ చంద్రను హైదరాబాదు సంజీవరెడ్డి నగర్ కూడలిలో పట్టపగలు చంపారు. కాల్పులు జరిపినవారిని ఆయన కారు దిగి, చేతిలో ఆయుధం లేకుండానే వెంటాడారు.

ఉమేష్ చంద్ర పుట్టింది ఉమ్మడి గుంటూరు జిల్లా పెదపులివర్రులో. కడప, కరీంనగర్ జిల్లాల్లో ఎస్పీగా చేశారు. ఆయన విగ్రహం నేడు ఆ కూడలిలోనే ఉంది. ఆ దారిన వెళ్ళేవారిలో చాలామందికి ఆయన పేరు తెలుసు. అదే దాడిలో ఆయన డ్రైవరు, గన్‌మన్ కూడా మరణించారని తెలిసినవారు బహు తక్కువ. ఒక పోలీసు అధిపతి ప్రాణత్యాగాన్ని తలచుకునేటప్పుడు ఆ ఇద్దరినీ పక్కన పెట్టి తలచుకోవడం న్యాయం కాదు. అధికారి వాహనంలో ముందు సీట్లో కూర్చునేవారికి ఆ ముప్పు తెలిసే ఉంటుంది, అయినా వారు కూర్చుంటారు. ఒంగోలు వాసులకు ఈ మాట వివరించనక్కరలేదు. 2005 ఏప్రిల్‌లో పట్టణంలోనే జిల్లా ఎస్పీ వాహనం లక్ష్యంగా మావోయిస్టులు పేలుడు జరిపినప్పుడు ఎస్పీ బతికి బయటపడ్డారు గాని, ఆ దారిన పోతున్న సామాన్యులు చనిపోయారు.

ఇటువంటి మరణాల్లో మరో చిక్కు ఉంది. మరణం ఎంత భయంకరంగా ఉంటే అంతగా అది జీవితాన్ని కప్పేస్తుంది. ఉమేష్ చంద్ర అనగానే సంజీవరెడ్డి నగర్ గుర్తుకొస్తుంది గాని, కడప జిల్లాలో ముఠా కక్షల మధ్య ఆయన పోలీసు స్టేషన్లను ఎలా నడిపారన్నది వర్ధంతి సభల్లో రెండు మాటలకు మించి వినిపించదు. వ్యాస్ అనగానే స్టేడియం గుర్తుకొస్తుంది. గ్రేహౌండ్స్ ఏర్పాటును కొందరు పోలీసు బలగాల ప్రాణాలు కాపాడిన సంస్కరణగా చూస్తారు, పౌరహక్కుల ఉద్యమకారులు ఎదురుకాల్పుల పేరిట జరిగిన మరణాలతో కలిపి చూస్తారు. స్మారక వ్యాసం రాసేవారు ఈ రెండో వైపును దాటవేస్తే, ఆ అధికారి గురించి రాసినది కుటుంబం దాచుకునే ఆల్బం స్థాయిలోనే ఆగిపోతుంది. కీర్తిశేషుల మీద గౌరవం ఉన్నవారే ఆ చర్చను మర్యాదగా, ఆధారాలతో తెరవాలి. లేకపోతే దాన్ని మర్యాద లేనివారు తెరుస్తారు.

ఈ విషయంలో న్యాయస్థానం ఒక గీత గీసింది. పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన కేసులో 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఎదురుకాల్పుల మరణాల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఘటన జరిగిన వెంటనే సంబంధిత అధికారులకు వరుస తప్పించి పదోన్నతులు గాని, శౌర్య పురస్కారాలు గాని ఇవ్వకూడదని, ఆ శౌర్యం సందేహానికి తావులేకుండా నిర్ధారణ అయ్యాకే వాటి గురించి ఆలోచించాలని అందులో ఒకటి చెబుతుంది. అంటే పతకం కూడా దర్యాప్తు తర్వాతి మాటే. స్మరణ రాసేవారికి కూడా ఇది మంచి కొలమానం.

ఇక పదవికి చెందే గౌరవం. ఇందులో ప్రజలు ఎక్కువగా తికమకపడేది పోలీసు లాంఛనాలకు, ప్రభుత్వ లాంఛనాలకు మధ్య. పోలీసు లాంఛనాలంటే శాఖ తన మనిషికి తాను చేసే వీడ్కోలు: సాయుధ దళం గౌరవ వందనం, గాలిలోకి కాల్పులు, బిగిల్, అధికారుల పుష్పగుచ్ఛాలు. ప్రభుత్వ లాంఛనాలు అంతకంటే వేరైనవి, వాటిని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా ప్రకటించాలి. జాతీయ జెండా సంగతి ఇంకా సున్నితమైనది. భౌతికకాయంపై జెండా కప్పడానికి చట్టం, జెండా నియమావళి అనుమతించే సందర్భాలు ప్రభుత్వ అంత్యక్రియలు, సైనిక, పారామిలిటరీ అంత్యక్రియలు మాత్రమే. కప్పినప్పుడు కాషాయ రంగు తలవైపు ఉండాలి, జెండాను చితిలో కాల్చకూడదు, గోతిలో దించకూడదు. కనుక విశ్రాంత ఎస్పీ గారి పార్థివదేహం మీద జెండా కనిపించలేదంటే ఎవరో చిన్నచూపు చూశారని వెంటనే అనుకోనక్కరలేదు. ప్రభుత్వ అంత్యక్రియలుగా ప్రకటించనప్పుడు బంధుమిత్రులు అభిమానం కొద్దీ తామే జెండా కప్పడం నియమాలకు విరుద్ధమవుతుంది.

పతకాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1951 మార్చి 1న ఏర్పాటైన రాష్ట్రపతి పోలీసు పతకం, పోలీసు పతకం శౌర్యానికి, సేవకు విడివిడిగా ఇస్తూ వచ్చారు. 2024 గణతంత్ర దినోత్సవం నుంచి వేర్వేరు పతకాలను కలిపి నాలుగింటికి కుదించారు. సేవా పతకానికి శాఖ సిఫారసు, మచ్చలేని సర్వీసు రికార్డు ముఖ్యం. శౌర్య పతకానికి ఒక నిర్దిష్ట ఘటన ఉండాలి. శాంతికాలంలో ఇచ్చే అత్యున్నత శౌర్య పురస్కారమైన అశోక చక్ర 2009లో ముంబయి ఉగ్రవాద నిరోధక దళం అధిపతి హేమంత్ కర్కరేకు, 2014లో మన గ్రేహౌండ్స్‌కు చెందిన కె. ప్రసాద్ బాబుకు మరణానంతరం దక్కింది. ఒకరు దళాధిపతి, మరొకరు దళంలో కిందిస్థాయి నాయకుడు. పతకం హోదాను చూడలేదు.

మూడోది చేసిన పని. దీన్ని చెప్పడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఎస్పీ తానుగా ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా నడపడు. ప్రథమ సమాచార నివేదిక రాసేది స్టేషన్లో, దర్యాప్తు చేసేది సీఐ లేదా ఎస్సై, వాదించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్, తేల్చేది న్యాయమూర్తి. ఎస్పీ చేసేది నెలనెలా జరిపే నేర సమీక్షలో ఏ కేసును వదలకూడదో పట్టుబట్టడం, ఎవరిని ఏ స్టేషన్లో ఉంచాలో తేల్చడం, పైనుంచి వచ్చే ఒత్తిడి సీఐ దాకా చేరకుండా తన గదిలోనే ఆపడం. ఈ మూడూ జనానికి కంటపడేవి కావు. అందుకే సంతాప సభల్లో ‘సింహస్వప్నం’ వంటి మాటలు మిగులుతాయి, పని వివరం మిగలదు.

పైగా ఒక ఎస్పీ ఒక జిల్లాలో ఉండే కాలం తక్కువ. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఎస్పీకి, స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ళ కాలపరిమితి ఉండాలని ఆదేశించింది. ఆ ఆదేశం ఇవ్వవలసి వచ్చిందంటేనే అంతకు ముందు పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. ఆ తర్వాత కూడా అది ఎక్కడా పూర్తిగా అమలైందని ఎవరూ చెప్పలేరు. ఏడాదిలోనో ఏడాదిన్నరలోనో బదిలీ అయిన అధికారి వేసిన పునాది మీద ఆ తర్వాతివారు గోడ కడతారు, పేరు చివరన ఉన్నవారికి వస్తుంది.

ఒంగోలు ప్రాంతపు జాతీయ రహదారి హత్యల కేసు ఇందుకు సరైన ఉదాహరణ. 2008 ప్రాంతంలో ఒక ముఠా తనిఖీ అధికారుల వేషంలో రాత్రివేళ లారీలను ఆపి, డ్రైవర్లను, క్లీనర్లను చంపి, శవాలను పూడ్చిపెట్టి, సరుకును, లారీ విడిభాగాలను అమ్ముకుంది. చనిపోయినవారు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు. వారి కోసం ఒంగోలులో ధర్నా చేసే బంధువులు లేరు, ఓట్లు లేవు, కులం అండ లేదు. సరుకు చేరలేదన్న ఫిర్యాదును మామూలు లారీ దొంగతనంగా మూసేసి ఉంటే అడిగేవారు ఉండేవారు కాదు. దాన్ని తవ్వి, పూడ్చిన శవాలను వెలికితీయించి, సాక్ష్యాలు పేర్చిన ఫలితంగా 2021 మే 24న ఒంగోలు న్యాయస్థానం 12 మందికి మరణశిక్ష విధించింది. ఘటనలకు, ఆ తీర్పుకు నడుమ పదమూడేళ్ళు గడిచాయి. ఆ కాలంలో ఎంతమంది ఎస్పీలు మారారో, ఎంతమంది కోర్టు కానిస్టేబుళ్ళు పరాయి రాష్ట్రాల సాక్షులను వెతికి వాయిదాలకు రప్పించారో ఏ విగ్రహం కింది ఫలకమూ చెప్పదు. అయినా పోలీసు పని అంటే నిజంగా ఇదే, దిక్కులేని మృతుడి తరఫున ఎవరూ అడగకపోయినా పదేళ్ళకు పైగా పట్టు వదలకపోవడం. ఆ కాలంలో ఏ కొన్నాళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఆ కేసును అటకెక్కనివ్వని అధికారి ఎవరైనా సరే, ఆయనకు దండ వేయడానికి నాకు వేరే కారణం అక్కరలేదు.

అదే నిజాయితీతో వెలితిని కూడా చూడాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవారు ఊరు విడిచి చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. రాష్ట్రంలో దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన ఆ ఘటనలో తుది తీర్పు సుప్రీంకోర్టు నుంచి 2008 డిసెంబరులో వచ్చింది, అంటే 23 ఏళ్ళకు. ఆనాటి ప్రకాశం జిల్లా పోలీసు చరిత్రను ఎవరు రాసినా ఈ పేజీని చింపి రాయలేరు. ముందు రోజు నుంచి ఊళ్ళో ఉద్రిక్తత ఉంటే రక్షణ ఎందుకు అందలేదు, దర్యాప్తు బాధితుల నమ్మకాన్ని ఎందుకు చూరగొనలేదు అన్న ప్రశ్నలు ఏ ఒక్క అధికారి మీదా నింద మోపడానికి కాక, ఎస్పీ పదవిలో ఉన్న మనిషిని ఏ గీటురాయి మీద పరీక్షించాలో తెలుసుకోవడానికి అడగవలసినవి. పట్టణంలో వ్యాపారులు నిశ్చింతగా నిద్రపోయారా అన్నది ఒక పరీక్ష. పల్లె చివరి గేరిలో ఉన్నవారు స్టేషన్ మెట్లు ఎక్కగలిగారా అన్నది అంతకంటే పెద్ద పరీక్ష.

నెల్లూరు వైపు కలిగిరి మండలం దూబగుంట ఇటువంటి మరో గీటురాయి. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించడంతో మొదలైన ఉద్యమం జిల్లాను కదిలించి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. అప్పటికి సారా అమ్మకం చట్టబద్ధమైన వ్యాపారం, వేలం పాటలకు రక్షణ ఇవ్వడం పోలీసుల విధి. కొట్టు ముందు బైఠాయించిన స్త్రీలు శాంతిభద్రతల సమస్య కిందికి వస్తారు. చట్టం అక్షరం ఒక వైపు, న్యాయం మరో వైపు నిలబడిన ఆ నెలల్లో కాంట్రాక్టరు మనుషులను అదుపులో ఉంచి, ఆడవాళ్ళ మీద లాఠీ లేవకుండా చూసిన అధికారి ఏ స్థాయివాడైనా, ఆ సంగతిని ఆ ఊళ్ళవారు చెబుతుండగా రాసిపెట్టుకోవాలి. కాగితాల్లో అది దొరకదు. లాఠీ లేవని రోజుకు కేసు డైరీ ఉండదు.

తుపాన్ల సంగతి వేరే చెప్పాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను కాలం నుంచి పెన్న వరదల దాకా ఈ తీరపు పోలీసుల పనిలో సగం నేరాలతో సంబంధం లేనిది. మత్స్యకారులుండే పట్టపుపాలేల్లో మైకు పట్టుకుని జనాన్ని పడవలు, వలలు వదిలి కదలమని బతిమాలడం, కదలనివారిని బలవంతాన తరలించడం, తెగిన రోడ్డుకు రెండు వైపులా ఆగిన లారీలకు అన్నం, నీళ్ళు అందేలా చూడటం. ఈ పనుల్లో హోంగార్డులది పెద్ద చేయి. వారికి పింఛను లేదు, పతకాల జాబితాలో వారి పేరు కనిపించేది అరుదు. తుపానులో జిల్లాను కాపాడిన ఎస్పీగా ఎవరినైనా పొగిడితే, ఆ పొగడ్తలో హోంగార్డుల వాటాను విడిగా చెప్పితీరాలి.

పని వివరం పోగేయడంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఉంది. ఎస్పీ స్థానం పాతదే, 1861 నాటి పోలీసు చట్టం కంటే ముందే 1859లో వచ్చిన మద్రాసు జిల్లా పోలీసు చట్టం నుంచి అది సాగుతోంది. జిల్లాల హద్దులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న చీరాల, అద్దంకి, పర్చూరు ప్రాంతాలు బాపట్ల జిల్లాలో చేరాయి, కందుకూరు తిరిగి నెల్లూరు గూటికి వెళ్ళింది. 1965లో కందుకూరులో పనిచేసిన అధికారి నెల్లూరు జిల్లా మనిషి, 1985లో పనిచేసినవారు ప్రకాశం జిల్లా మనిషి. కారంచేడు నాడు ప్రకాశంలో ఉంది, నేడు బాపట్లలో ఉంది. స్టేషన్ మారినప్పుడు పాత రికార్డు ఎక్కడికి వెళ్ళిందో, ఎంత చెదలు పట్టిందో వెతికితే గాని తెలియదు. ఎస్పీ గారి కుర్చీ వెనక గోడ మీది బోర్డులో పేర్లు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ మాత్రం భద్రంగా ఉంటాయి. ఒక అధికారి చేసిన పనికి శాఖ ఉంచుకున్న బహిరంగ గుర్తు చాలా కార్యాలయాల్లో ఆ ఒక్క వరుసే.

విగ్రహం కోరేవారికి ఒక ఆచరణాత్మకమైన మాట. రోడ్ల మీద, కాలిబాటల మీద, కూడళ్ళలో ప్రజల రాకపోకలకు ఉద్దేశించిన స్థలంలో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. దాని తర్వాత చర్చి సెంటర్లో విగ్రహం అడగడమంటే చట్టాన్ని కాపాడిన మనిషి పేరున చట్టం దాటమని అడగడమే. చీమకుర్తి నల్లరాయి పక్కనే దొరుకుతుంది గనుక శిలాఫలకం చెక్కించడం కష్టం కాదు. ఆ ఫలకం మీద ఏమి రాయాలన్నదే కష్టం.

తెలుగునాట ఒక పోలీసు అధిపతి స్మృతి నిలిచిన తీరుల్లో నాకు ఎంతో అర్థవంతంగా కనిపించేది హైదరాబాదు కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డిది. 1869లో పుట్టి, నిజాం రాజ్యంలో 1920 నుంచి 1934 దాకా నగర కొత్వాలుగా ఉన్న ఆయన, 1918లో రెడ్డి హాస్టలు స్థాపనకు పూనుకున్నారు. ఆడపిల్లల చదువుకు అండగా నిలిచారు. 1953లో ఆయన మరణించాక విగ్రహమూ వెలిసింది, పోలీసు అకాడమీకి ఆయన పేరూ పెట్టారు. అయితే ఆయన పేరును తరతరాలుగా ఇళ్ళలోకి తీసుకువెళ్ళినవారు ఆ హాస్టల్లో తిండి, నీడ పొంది చదువుకున్న పల్లెటూరి పిల్లలు. పద్నాలుగేళ్ళు ఒకే పదవిలో ఉండే అవకాశం నేటి ఎస్పీకి రాదు. అయినా ఒక హోంగార్డు కూతురి చదువుకు ఏటా సాయం చేసే చిన్న నిధి, ఆయన పేరున స్టేషన్ ఆవరణలో పోటీ పరీక్షల పిల్లలకు ఒక చదువుల గది, ఆ స్థాయికి తగినంతలో అదే దారిలో వేసే అడుగులు అవుతాయి.

దానికంటే ముందు చేయవలసిన పని ఆయన సేవాకాలాన్ని రాసిపెట్టడం. సర్వీసు రికార్డు, క్రమశిక్షణ ఫైళ్ళు వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయని 2012లో సుప్రీంకోర్టు గిరీశ్ దేశ్‌పాండే కేసులో చెప్పింది గనుక సమాచార హక్కు దరఖాస్తుతో అవి సులువుగా రావు. కుటుంబం దగ్గరున్న బదిలీ ఉత్తర్వులు, ప్రశంసా పత్రాలు, డైరీలు తొలి ఆధారం. కోర్టు తీర్పులు బహిరంగ పత్రాలు. ఆయన కాలంలో నమోదై ఎన్నో ఏళ్ళ తర్వాత శిక్షతోనో, కొట్టివేతతోనో ముగిసిన కేసుల తీర్పులు చదివితే దర్యాప్తు బలమెంతో, లోపమెక్కడో న్యాయమూర్తి మాటల్లోనే దొరుకుతుంది. అప్పటి పత్రికల జిల్లా పేజీలు మూడో ఆధారం. వీటన్నిటికంటే తొందరగా అందుకోవలసినది మనుషుల జ్ఞాపకం. ఆయన కింద పనిచేసిన స్టేషన్ రైటర్లు, డ్రైవర్లు, కోర్టు కానిస్టేబుళ్ళు పదవీ విరమణ చేసి కావలి, గూడూరు, కనిగిరి, మార్కాపురం వైపు తమ ఊళ్ళలో ఉంటున్నారు. ఆ పక్కనే ఆయన కాలంలో ఫిర్యాదు పట్టుకుని వెళ్ళి న్యాయం దొరికినవారూ, దొరకనివారూ ఉన్నారు. రెండు రకాలవారినీ అడగాలి. చెప్పినదాన్ని తేదీలతో సరిచూసి, పొగడ్తనూ ఫిర్యాదునూ పక్కపక్కనే ఉంచి, ఒక చిన్న పుస్తకంగా అచ్చువేసి నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాలకు, పోలీసు శిక్షణ కేంద్రానికి ఇవ్వాలి. వర్ధంతి సభకు పెట్టే ఫ్లెక్సీల ఖర్చుతో ఈ పని అయిపోతుంది.